నలభై ఒకటో అక్షరం

ఐదో కంప్యూటరు లేవనని మొరాయిస్తోంది. ముందు నాలుగూ చెప్పినట్టు లేచాయి, లోపల ఏమీ లేదని చూపించాయి, ఆరిపోయాయి. ఇది మాత్రం ఫ్యాను గరగరలాడించుకుంటూ, నల్లటి తెర మీద తెల్ల గీత ఒకటి ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చుంది. గోడ గడియారం పదకొండు దాటింది. పన్నెండుకి తుక్కు వ్యాను వస్తుంది. ఈలోగా ఆరు కంప్యూటర్లూ తెరిచి చూసి, పంపకుండా మిగిలిపోయిన వివరం వీటిలో ఒక్కటి కూడా లేదని రాసి సంతకం పెట్టాలి. పెట్టాక కొత్త కంపెనీ ఇంజనీరమ్మాయి డిస్కులు తుడిచేస్తుంది. ఈ నీటి పరీక్షల లాబొరేటరీలో పద్దెనిమిదేళ్ళు నడిచిన పాత ప్రోగ్రాము రాసింది అతనే కాబట్టి, రిటైరై ఇంట్లో గోడల్ని చూస్తూ కూర్చున్నవాణ్ణి సంతకం కోసం పిలిపించారు. కన్నవాడే కాటికి మోసుకెళ్ళినట్టుంది వ్యవహారం. తలుపు దగ్గర స్టూలేసుకున్న స్టోర్‌కీపరు, "ఈ పెట్టె కూడా మీ బాపతే సారూ, లేవమంటే లేవదు, లేచిందంటే కూర్చోదు" అన్నాడు. అతను నవ్వలేదు. ఇది తన భార్య కంప్యూటరని స్టోర్‌కీపరు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. కీబోర్డు మీద పొడుగు మీట ఎడమ పక్కన అరిగి నున్నగా మెరుస్తోంది. ఆమెది ఎడంచేతి వాటం. ఈ గదిలో ఆ మీటని ఎడమ బొటనవేలితో కొట్టిన మనిషి ఆమె ఒక్కతే. తొమ్మిదేళ్ళ దుమ్ము మీటల సందుల్లో దూదిలా పేరుకుంది. ఊదబోయి మానేశాడు.

తెల్ల గీత ఆరింది, వెలిగింది. ఇది లేస్తే మొదట ఏం చేస్తుందో అతనికి కంఠతా వచ్చు. తన ప్రోగ్రామును పిలుస్తుంది, ఆ ప్రోగ్రాము లోపలి గదిలో ఉన్న సర్వరులోని మధ్య ప్రోగ్రామును పిలుస్తుంది, అది వెళ్ళి డేటాబేసు తలుపు తడుతుంది. మూడంచెలు. ఆరు కంప్యూటర్లూ నేరుగా డేటాబేసు మీద పడితే అది ఉక్కిరిబిక్కిరైపోతుందని, మధ్యలో ఒక కాంపొనెంటును కూర్చోబెట్టాడు. కంప్యూటరు అడిగింది అది మోసుకెళ్తుంది, డేటాబేసు ఇచ్చింది అది మోసుకొస్తుంది. తీగ తెగినా, కరెంటు పోయినా, టైపు చేసింది ఆ కంప్యూటరులోనే ఒక ఫైలులో దాగి ఉంటుంది, దారి దొరగ్గానే వెళ్తుంది. పల్లెటూరి బడిలో చదువుకుని, పుస్తకాలు కొనలేక పక్కవాడి పుస్తకం చేత్తో రాసుకుని పైకొచ్చినవాడు. ఆ మధ్య కాంపొనెంటును నాలుగు నెలలు కూర్చుని ఒంటిచేత్తో రాశాడు. ఆమె దానికి రాయబారి అని పేరు పెట్టింది. అప్పటికి పెళ్ళయి పదేళ్ళు. పొద్దున్నే సీసాలు వరసగా పెట్టుకుని, చేతి తొడుగులు లాక్కుంటూ, "మీ రాయబారిగారు లేచారా, ఇంకా ముసుగు తన్ని పడుకున్నారా?" అని ఇంటికి ఫోను చేసి అడిగేది. రాయబారి మాట తప్పితే రెండు ఇళ్ళూ మునుగుతాయి సుమా అనేది. అలాంటి మాటలు ఆమెకి ఊరికే వచ్చేవి. అతనికి ఊరికే వచ్చేది కోపం.

సీసాలు. ఆ రోజుల్లో ఆమె చేతులకి ఎప్పుడూ మందు వాసన, అన్నం కలిపినా పోని వాసన. బావులనుంచి, ట్యాంకులనుంచి నీళ్ళు సీసాల్లో వచ్చేవి, ఒక్కోదాని మీద ఒక చీటీ. పరీక్షించి, ఫలితం కంప్యూటరులో ఎక్కించి, 'పంపు' అన్న బొత్తాం నొక్కితే, ఊళ్ళకి నీళ్ళు వదిలే ఆఫీసువాళ్ళు తమ తెర మీద చూసుకునేవారు. అంతకుముందు ప్రమాదమైన ఫలితం వస్తే ఫోను చేసేవారు, ఎవరో ఎత్తేదాకా. ఫోన్లు మాన్పించింది అతనే. తెర మీద పడ్డాక ఫోనెందుకు, బొట్టు పెట్టి పిలవాలా అన్నాడు ఆ వేళ మీటింగులో. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, ఫోనులో మనిషి 'ఊఁ' అంటాడు కదండీ, మీ బొత్తాం 'ఊఁ' అంటుందా అని అడిగింది. అందుకే 'చేరింది' అనే మాట పెట్టాడు. నొక్కగానే తెర మధ్యన ఆకుపచ్చ అక్షరాల్లో చేరింది అని వస్తుంది. అదిగో నీ 'ఊఁ' అన్నాడు. ఆమె తృప్తిగా తలూపింది. ఆ తలూపడం ఇవాళ ఇప్పుడు ఈ గదిలో ఎందుకు గుర్తుకు రావాలి. ఫ్యాను గరగర ఆగింది. మళ్ళీ మొదలైంది.

కాలనీ ట్యాంకు సంగతి గుర్తు చేసుకోకూడదనే అనుకుంటాడు రోజూ. అరవైమంది మంచాన పడ్డారు. ఎనిమిది నెలల బిడ్డ ఒకటి దక్కలేదు. ఆ ట్యాంకు నీళ్ళ సీసా అంతకు మూడు రోజుల ముందే లాబొరేటరీకి వచ్చింది, పరీక్షించింది ఆమె, ఫలితం నీళ్ళ ఆఫీసుకి చేరలేదు. డేటాబేసులో ఆ వరుసే లేదు. నేను పంపానండీ, చేరింది అని కూడా వచ్చింది, నా తెర మీద ఇప్పటికీ కనిపిస్తోంది అని ఆమె అంది. విచారణకి వచ్చిన పెద్దమనిషి, ప్రోగ్రాము రాసినవాణ్ణి అడుగుదాం అన్నాడు. భర్తే కదా అని ఎవరో గొణిగారు. ఆ గొణుగుడు అతని చెవిన పడింది. అక్కడే బిగుసుకుపోయాడు. పెళ్ళాం కోసం అబద్ధమాడేవాడిలా కనిపిస్తున్నానా అనుకున్నాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని, చేరింది అని వస్తే డేటాబేసులో ఉండి తీరాలి, డేటాబేసులో లేదంటే పంపలేదన్నమాటే అని చెప్పాడు. ఆవిడ తెర మీద ఉందంటున్నారు కదా అంటే, తెర సాక్ష్యం కాదండీ, తెర మీద ఎవరైనా ఏ రోజు తేదీ అయినా వేసి ఏదైనా టైపు చేసుకోవచ్చు అన్నాడు. లేచి రెండు గదుల అవతల ఉన్న ఆ కంప్యూటరు దగ్గరికి వెళ్ళి ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. చూడాలని తోచలేదు. గురివింద తన నలుపెరగదంటారు, తోచకపోవడమంటే అదే. పెద్దమనిషి ఆమె వైపు తిరిగి, మీరేమైనా చెప్పుకునేది ఉందా అమ్మా అని అడిగాడు. ఆమె భర్త మొహం చూసింది, తొందర లేకుండా, సీసాలో నీళ్ళని వెలుతురుకి పెట్టి చూసినట్టు. "లేదండీ" అంది. నిర్లక్ష్యం అని రాశారు. ఉద్యోగం పోయింది.

తెర వెలిగింది. నీలం రంగు. ఆమె పెట్టుకున్న పాత నీలం. ఇంకా సగమే లేచింది, లోపల ఏదో వెతుక్కుంటోంది. ఉద్యోగం పోయాక బతికిన మూడేళ్ళూ ఇంట్లో ఆమె ఇలాగే ఉండేది, సగం లేచి, సగం ఏదో వెతుక్కుంటూ. ఇద్దరి మధ్య మాటలు కూతురు మోసేది. అమ్మా, నాన్న అన్నం పెట్టమంటున్నాడు. నాన్నా, అమ్మ గ్యాసు అయిపోయిందంటోంది. పదిహేనేళ్ళ పిల్ల, రెండు గదుల మధ్య చెప్పులరిగేలా తిరిగి, ఒకరోజు మధ్యలో నిలబడి నా వల్ల కాదు, మీ మాటలు మీరే మోసుకోండి అని ఏడ్చింది. అయినా అతను ముందు మాట్లాడలేదు. తప్పు చేసింది ఆమె, ముందు ఆమె నోరు విప్పాలి. బిడ్డ తల్లి ఇంటికి వెళ్ళొస్తానని ఒకరోజు చీర కట్టుకుని బయల్దేరితే, చేసింది చాలదా, మళ్ళీ వెళ్ళి పుండు కెలకడం దేనికి అన్నాడు. అయినా వెళ్ళింది. ఆ ఇంటి గేటు దగ్గర గంటసేపు నిలబడి తిరిగొచ్చిందని తర్వాత ఎవరో చెప్పారు. అతనికి కావలసింది ఒక్క మాట. పొరపాటైందండీ అని ఒక్క మాట అంటే క్షమించేద్దామని సిద్ధంగా కూర్చున్నాడు, మూడేళ్ళు, వడ్డించిన విస్తరి ముందు అతిథి కోసం కూర్చున్నట్టు. ఆసుపత్రి మంచం మీద, చివరి వారంలో కూడా, వంగి ఆమె మొహంలోకి చూస్తూ అంటుందేమోనని ఎదురుచూశాడు. కిటికీ వెయ్యండి, చలేస్తోంది అంది. వేశాడు. అంతే. పోయాక కూడా కోపం పోలేదు, అనకుండానే పోయింది మొండిది అనుకున్నాడు. అనుకున్నాడేమిటి, కూతురితో పైకే అన్నాడు. కూతురు ఆ తర్వాత ఫోను తగ్గించేసింది.

ప్రోగ్రాము తెరుచుకుంది. లోపలి ఫైలు ఎత్తి చూపమని అడిగాడు. మిగతా నాలుగింటిలో సున్నా వచ్చిన చోట ఇక్కడ రెండు అని ఉంది. పంపనివి: రెండు. అతను కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. రెండు. మొదటి వరుస తెరిచాడు. కాలనీ ట్యాంకు. తేదీ సరిగ్గా ఆ తేదీ. క్రిముల లెక్క ఎంత దాటకూడదో దానికి ఎన్నో రెట్లు. రిమార్కుల గడిలో ఆమె గొంతే: ఈ ట్యాంకు నీళ్ళు వెంటనే ఆపించండి, పిల్లలకి పట్టొద్దు, మరిగించి తాగమని ఇంటింటికీ చెప్పించండి, ట్యాంకు కడిగించాక నాకు మళ్ళీ సీసా పంపండి. ఆ వరుస వెనక తెర మీద కనపడని గడి ఒకటుంది, వరుస పుట్టిన గంటా నిమిషం కంప్యూటరే తనంతట తాను వేసుకునే గడి. దాన్ని పెట్టింది అతనే, టైపు చేసేవాళ్ళు మార్చలేని చోట పెట్టాడు. తెరిచాడు. సీసా వచ్చిన రోజే, సాయంత్రం నాలుగున్నర. ఆమె పంపింది. లేచి రెండు గదులు నడిచి వచ్చి చూసి ఉంటే ఆ రోజే కనపడేది. రెండు గదులు. ముప్ఫై అడుగులు.

ఎందుకు చేరలేదు. బుర్ర దాని పని అది చేసుకుపోతోంది, ముప్ఫై ఏళ్ళ అలవాటు, గానుగెద్దుకి గంతలు విప్పినా అదే చుట్టు తిరుగుతుంది. చేత్తో వరుసని పంపించి చూశాడు. మధ్య కాంపొనెంటు తీసుకెళ్ళింది, డేటాబేసు వద్దంది, వెనక్కి తెచ్చింది. ఆకుపచ్చ అక్షరాలు చేరింది అన్నాయి. తన రాతలోకి వెళ్ళి చూశాడు. డేటాబేసులో రిమార్కుల గడికి నలభై అక్షరాలే చోటిచ్చాడు, అప్పట్లో డిస్కు పొదుపు. ఇక్కడ తెర మీద గడికి మాత్రం హద్దు పెట్టలేదు, ఎంతైనా రాసుకోవచ్చు. నలభై దాటితే డేటాబేసు ఆ వరుసనే తిప్పి కొడుతుంది. ఒక్క చెడ్డ వరుస కోసం మిగతావి ఆగకూడదని, ఎన్ని తప్పులొచ్చినా సాగిపొమ్మని మధ్యదానికి చెప్పాడు. అది సాగిపోయి, చివర ఇన్ని వరుసలు తిరిగొచ్చాయి అని ఒక అంకె చేతికిస్తుంది. ఆ అంకెని అతను అందుకోలేదు. అందుకోవడానికి ఒక్క పంక్తి చాలు. ఆ పంక్తి రాయలేదు. అంకెని గాలికొదిలి, గొడవేమీ రాలేదు గనక చేరినట్టే అనుకుని, చేరింది అని పచ్చగా రాయించాడు. మామూలు నీళ్ళకి ఎవరూ రిమార్కు రాయరు, అవన్నీ చేరాయి. ఎవరో ఒకరిద్దరు 'బాగాలేదు' అని ఒక ముక్క రాసేవారు, అవీ చేరాయి. జాగ్రత్తగా, మనుషుల మీద కనికరంతో, వివరంగా రాసింది మాత్రం గుమ్మం దాటలేదు. ఆమె నాలుగు మాటలు తక్కువ పట్టించుకునే మనిషై ఉంటే ఆ బిడ్డ బతికేది.

రెండో వరుస. తెరవాలని లేదు. తెరిచాడు. ట్యాంకు పేరు ఉండాల్సిన చోట 'పరీక్ష' అని ఉంది. రిమార్కులో ఒకటి నుంచి తొమ్మిది దాకా, సున్నా, మళ్ళీ ఒకటి, అలా అంకెలు. లెక్కపెట్టాడు. నలభై ఒకటి. సర్వరు వైపు వెళ్ళి 'పరీక్ష' అన్న వరుసలు వెతికాడు. ఉన్నాయి. పది అంకెలది చేరింది. ఇరవైది చేరింది. ముప్ఫైది చేరింది. నలభైది చేరింది. అన్నీ ఒకే సాయంత్రం, నిమిషం నిమిషం తేడాతో. ఏ నీళ్ళలో ఏముందో తేల్చాలంటే చుక్క చుక్క కలుపుతూ రంగు మారే చోట ఆగే మనిషి, రాయబారిని కూడా అలాగే పరీక్షించింది. ఒక్కోటి పంపి, నీళ్ళ ఆఫీసుకి ఫోను చేసి, పడిందో లేదో కనుక్కుని ఉంటుంది. రంగు నలభై ఒకటో అక్షరం దగ్గర మారింది. ఆగింది. ఆమెకి తెలుసు. తప్పు ఎవరిదో, ఏ గడిలో ఉందో, ఎన్నో అక్షరం దగ్గరో, అతనికన్నా తొమ్మిదేళ్ళ ముందే తెలుసు. కనపడని గడి తెరిచి తేదీ చూశాడు. విచారణకి ముందు రోజు.

ముందు రోజు సాయంత్రం. ఏం చేసింది ఇంటికొచ్చి? చెప్పులు విప్పింది, కాళ్ళు కడుక్కుంది, పొయ్యి వెలిగించింది. అతను కూతురికి లెక్కలు చెబుతున్నాడు. ఆమె వంటగది గుమ్మంలో నిలబడి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ అడిగింది. ఆ మాటలు ఎన్నడూ మర్చిపోలేదు, వాటి అర్థమే ఇవాళ్టిదాకా తెలీలేదు.

"రేపు మీరేం చెప్తారు?"

"నాకు తెలిసింది చెప్తా."

"మీకు తెలియంది ఏమన్నా ఉంటే?"

"నేను రాసినదాంట్లో నాకు తెలియంది ఉండదు."

ఇంకేమైనా అంటాడేమో అన్నట్టు అక్కడే కాసేపు నిలబడింది. అతను కూతురి నోటుబుక్కులో తప్పు లెక్క కొట్టేస్తూ తల ఎత్తలేదు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. అడిగింది, అతను ఒక్కమాట, సరే వచ్చి చూస్తాలే అని ఒక్కమాట అంటే చెబుదామని అడిగింది. లేకపోతే మర్నాడు అందరి ముందూ భర్తని నిలబెట్టడమెందుకని ఇంట్లోనే ఒక తలుపు తెరిచిపెట్టింది. అతనే మూశాడు. అందుకే మర్నాడు ఆమె అతని మొహంలోకి అంతసేపు చూసింది, లేదండీ అంది. జాలిపడిందా. కసి తీర్చుకుందా. వీడు బతికినంతకాలం వీడి మాటతోనే బతకనీ అనుకుందా. ఏదనుకున్నా ఆమె మొహం దానికి సరిపోతోంది. మూడేళ్ళు అతను పొరపాటైందండీ అన్న మాట కోసం కూర్చున్నాడు, ఆ మూడేళ్ళూ అదే ఇంట్లో, అదే గోడకి అటువైపు, ఆమె కూడా అదే మాట కోసం కూర్చుందేమో. ఆసుపత్రిలో అతను వంగి మొహంలోకి చూస్తుంటే, ఇప్పుడంటాడేమోనని ఆమే చూసిందేమో. అడగడానికి మనిషి లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాదిది, ఆకులు చేతిలో పెట్టుకునే కాల్చుకున్నాడు.

ఇంజనీరమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. ఐదోది అయిందా సార్ అని మెల్లిగా అడిగింది. అతను తెర మీదనుంచి కళ్ళు తీయకుండా, నీకేమైనా తెలుసా అమ్మాయ్, ఇక్కడివాళ్ళు రిమార్కులు ఎలా రాస్తారో అని అడిగాడు. పాత డేటా అంతా ఆమే కొత్తదానిలోకి ఎక్కించింది. తెర మీద హద్దు లేకపోయినా తొమ్మిదేళ్ళుగా ఎవరూ నలభై అక్షరాలు దాటి రాయలేదు సార్, మేమే ఆశ్చర్యపోయాం, పొడుగ్గా రాయాల్సి వస్తే రెండు మూడు వరుసలుగా విడగొట్టి రాశారు అంది. స్టోర్‌కీపరు స్టూలు మీదనుంచే అందుకున్నాడు. అది ఇక్కడి ఆచారం అన్నాడు. కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజు నేర్పేది అదే, వేళ్ళ మీద లెక్కపెట్టుకుని మరీ టైపు చేస్తారు, ఎందుకని అడిగితే ఎవరికీ తెలీదు.

"ఎవరు పెట్టారు ఆ ఆచారం?" అన్నాడు అతను.

"ఇంకెవరు సారూ, అక్కయ్యే. ఉద్యోగం పోయిన రోజు, సామాను సర్దుకుని వెళ్తూ వెళ్తూ ఆరు మిషన్ల మీదా చీటీలు అంటించిపోయింది. రిమార్కు నలభై దాటనివ్వకండి, నా మీద ఒట్టు అని. పాపం మతి చలించిందనుకున్నాం. కానీ ఒట్టు కదా, ఎవరమూ తప్పలేదు."

స్టోర్‌కీపరు ఇంకా ఏదో చెబుతున్నాడు. చీటీలు తర్వాత ఊడిపోయాయట, మాట మిగిలిందట. అతనికి సగం వినపడింది. భర్త తప్పుని ఎవరికీ చెప్పలేదు. దానివల్ల ఇంకో బిడ్డ పోకుండా మాత్రం ఆరు చీటీలు అంటించింది. తొమ్మిదేళ్ళు ఈ ఊళ్ళ నీళ్ళని కాపాడింది అతని ప్రోగ్రాము కాదు, నిర్లక్ష్యం చేసిందని ఇంటికి పంపిన మనిషి మీద ఒట్టు. ఆ సంగతి ఆ బిడ్డ తల్లికి తెలీదు. ఏ గేటు దగ్గర ఆమె గంటసేపు నిలబడిందో ఆ గేటు దగ్గర నిలబడాల్సిన మనిషి ఇంట్లో కూర్చుని నీతులు చెప్పాడు. ఇప్పుడు సంతకం పెడితే చాలు. పది నిమిషాల్లో డిస్కు తుడుచుకుపోతుంది, తర్వాత ఏ విచారణా తేల్చలేదు. ఆమె అలాగే కోరుకుందేమో, అందుకే దాచిందేమో అని లోపల ఎవరో గొణిగారు. ఆ గొంతు అతను గుర్తుపట్టాడు. పెళ్ళాం కోసం అబద్ధమాడనని నిటారుగా కూర్చున్నవాడిదే ఆ గొంతు. తన కోసమైతే ఆడతాడన్నమాట. పిల్లి కళ్ళు మూసుకుని ఎన్నాళ్ళు పాలు తాగుతుంది.

"తుడిచేయమంటారా సార్?" అంది అమ్మాయి.

"వద్దు. దీన్ని ముట్టుకోకండి."

"ఎందుకు సార్, ఏమన్నా మిగిలిందా?"

"నా భార్య మాట మిగిలింది" అన్నాడు. ఆమె పోయిన ఆరేళ్ళలో నా భార్య అన్న మాట నోటితో అనడం అదే మొదటిసారి. అమ్మాయి కీబోర్డు వైపు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

డైరెక్టరు గది చివర ఉంది. మధ్యలో ముప్ఫై అడుగుల వసారా. నడిచాడు. ఇప్పటి డైరెక్టరు విచారణ రోజు కింది ఉద్యోగి, పక్కన నిలబడి కాగితాలు అందించినవాడు. అతను చెప్పింది మొత్తం విన్నాడు, గడి, నలభై, తిరిగొచ్చిన అంకె, నాలుగున్నర, అంకెల వరుసలు. విన్నాక పెన్ను మూత పెట్టి తీసి పెట్టి తీశాడు. ఆ ఫైలు ఎప్పుడో మూసేశారు, పైవాళ్ళంతా రిటైరైపోయారు, తెరిస్తే ఆ పసిబిడ్డ తల్లిదండ్రులు కోర్టుకి వెళ్తారు, ముందు మీ మీదే పడుతుంది అని ఒక్కొక్కటే మర్యాదగా చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, అతని మేలు కోరేవాడిలా అన్నాడు.

"ఇప్పుడెందుకండీ ఇదంతా. పాపం, ఆవిడ కూడా లేరు కదా."

"నేనున్నానుగా" అన్నాడు.

డైరెక్టరు ఒక తెల్లకాగితం బల్ల మీద ముందుకి జరిపాడు. బయట వ్యాను హారను కొట్టింది, ఎవరో ఆగమని కేకేశారు. అతను వంగి, పల్లెటూరి బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో, మొదటి పంక్తి రాశాడు: నా భార్య పంపింది. నేను చేరనివ్వలేదు.